ఉద్యోగమా, ప్రింట్‌మేకింగా? ముందు ఆ 14 నెలల సంగతి మాట్లాడదాం

అమ్మా, మా అమ్మాయి నీకంటే రెండేళ్లు పెద్దది. అందుకే నువ్వు అనే రాస్తున్నాను, ఏమనుకోకు.

ముందు నువ్వు అడిగింది నాకు అర్థమైనట్టు చెప్తాను. నీకు 27. ఊరు సూర్యాపేట దగ్గర. ఇక్కడే హైదరాబాద్‌లో ప్రింట్‌మేకింగ్‌లో, అంటే అచ్చు తీసే బొమ్మల్లో, ఎంఎఫ్‌ఏ (ఫైన్ ఆర్ట్స్ పీజీ) చేశావు. అమీర్‌పేట హాస్టల్లో ఉంటూ పిల్లలకు డ్రాయింగ్ ట్యూషన్లు, ఎవరింట్లోనైనా పుట్టినరోజైతే ఫేస్ పెయింటింగ్, ఇలా నెలకు 13 వేల దాకా తెచ్చుకుంటున్నావు. చాలని నెల అక్క పంపిస్తోంది. మాదాపూర్ స్టేట్ గ్యాలరీలో ఒక గ్రూప్ షోలో మూడు ఎచింగ్‌లు (లోహపు ప్లేటు మీద సూదితో గీసి, యాసిడ్‌తో కొరికించి, ప్రెస్‌లో కాగితం మీద అచ్చు తీసే బొమ్మలు) పెడితే ఒకటి 4 వేలకు పోయింది. ఇప్పుడు మీ బావగారు ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఒక యాప్ కంపెనీలో డిజైనర్ ఉద్యోగం మాట్లాడారు, చేతికి 42 వేలు. ఊళ్లో అమ్మ సంబంధాలు చూస్తోంది. ఉద్యోగంలో చేరితే నీలో ఆర్టిస్టు చచ్చిపోతుందేమోనని భయం. చేరకపోతే ఇంట్లోవాళ్ల ముందు తలెత్తుకోలేకపోతున్నావు. ఇంకో రెండేళ్లు ఓపిక పట్టాలా, చేరిపోవాలా అని అడిగావు.

ఈ ఊళ్లో నాకు తెలిసిన ప్రతి ఆర్టిస్టూ ఏదో ఒక వయసులో ఈ ప్రశ్న అడిగినవాడే. నన్ను ఆపింది ఇంకో వాక్యం. "క్యాంపస్ వదిలాక ప్రెస్ దొరకలేదు, ప్లేటు ముట్టుకుని 14 నెలలు అవుతోంది" అని రాసి, దాని మీద ఇంకేమీ చెప్పకుండా సంబంధాల సంగతికి వెళ్లిపోయావు.

14 నెలలమ్మా. ఉద్యోగంలో చేరితే పని ఆగిపోతుందని భయపడుతున్నావు. ఉద్యోగం లేకుండానే ఆగిపోయింది కదా. నిన్ను నిందించడానికి అనట్లేదు. నేను కూడా ఇదే గోతిలో 19 నెలలు ఉన్నాను కాబట్టి వాసన తెలుసు.

నా సంగతి కొంచెం చెప్పాలి. 1990లో మాసబ్‌ట్యాంక్ కాలేజీ నుంచి బయటికొచ్చి ఒక అడ్వర్టైజింగ్ ఏజెన్సీలో చేరాను. దాదాపు తొమ్మిదేళ్లు చేశాను. సబ్బులు, పంపుసెట్లు, చీరల షాపులు. పనికి వంక పెట్టడానికి లేదు, జీతం కూడా బాగానే ఇచ్చేవాళ్లు. కానీ రాత్రి ఇంటికొచ్చి స్కెచ్‌బుక్ తెరిస్తే నా చెయ్యి నా మాట వినేది కాదు. ముసలాయన మొహం వేద్దామని కూర్చుంటే ముడతలు కూడా అందంగా, క్లయింటుకు నచ్చేలా వచ్చేవి. రోజంతా ఎవరినో మెప్పించిన చెయ్యి రాత్రికి ఒక్కసారిగా మొండికేయమంటే ఎలా వేస్తుంది? అప్పుడు నాకది అర్థం కాలేదు. టైం చాలట్లేదనుకున్నాను. 1999లో రాజీనామా ఇచ్చేశాను, ఫుల్‌టైం ఆర్టిస్టునని.

మొదటి రెండు నెలలు స్వర్గం. మూడో నెల అద్దె కట్టాక భయం మొదలైంది. పొద్దున లేచి ప్లేటు ముందు కూర్చుంటే కళ్ల ముందు గీత కనిపించేది కాదు, ఒకటో తారీకు కనిపించేది. అప్పుడే తెలిసినాయన ఒకరు కొత్తగా హోటల్ కడుతూ గదుల్లో పెట్టడానికి చార్మినార్ బొమ్మలు కావాలన్నాడు. 42 గదులు, 42 చార్మినార్‌లు. "ఒకేలా ఉండకూడదు సార్, కానీ మరీ తేడాగా కూడా ఉండొద్దు" అన్నాడు. పొద్దుటి చార్మినార్, సాయంత్రపు చార్మినార్, వానలో చార్మినార్, గాజుల బండి పక్కన చార్మినార్. ముప్ఫయ్యోదానికి వచ్చేసరికి ఆ నాలుగు మీనార్లు నన్ను నాలుగు వేళ్లతో వెక్కిరిస్తున్నట్టుండేవి. డబ్బులు కూడా సగమే వచ్చాయి, మిగతా సగం ఇప్పటికీ రావాలి. స్వేచ్ఛ కోసం ఏజెన్సీ వదిలి, ఏజెన్సీలో కూడా ఎప్పుడూ చేయనంత చాకిరీ చేశాను. ఆ 19 నెలల్లో నా సొంత ప్లేట్లు ఎన్నో తెలుసా? మూడు.

ఆ రోజుల్లో ఇల్లు ఎలా నడిచిందని నువ్వు అడగవు గానీ నేను చెప్పాలి. మా ఆవిడ నర్సు. నైట్ డ్యూటీలు అడిగి మరీ వేయించుకుంది. ఉద్యోగం వదిలేసి ధైర్యంగా కళ వెనక పోయిన మగవాళ్ల కథలు నువ్వు చాలా వినుంటావు. అలాంటి కథ విన్నప్పుడల్లా ఆ ఇంట్లో జీతం ఎవరిదో ఒకసారి అడిగి చూడు.

తర్వాత 2001లో ఒక స్కూల్లో డ్రాయింగ్ మాస్టారుగా చేరాను. ఏజెన్సీ జీతంలో సగం. స్నేహితులు జాలిపడ్డారు. 2023 దాకా అక్కడే చేశాను. నేను గర్వంగా చూపించుకోగలిగిన పని తొంభై పాళ్లు ఆ 22 ఏళ్లలో చేసిందే. పొద్దున నాలుగున్నర నుంచి ఏడింటి దాకా, మళ్లీ ఎండాకాలం సెలవులు. ఆరో తరగతి పిల్లలకు మామిడికాయ షేడింగ్ నేర్పిస్తే నా చెయ్యి అలిసిపోయేది కాదు. గొంతు అలిసిపోయేది. గొంతుతో ఎచింగ్ వేయం కదా.

నేను నేర్చుకున్నది ఇంతే. ఉద్యోగం ఆర్ట్‌కు దగ్గరగా ఉందా, దూరంగా ఉందా అని చూడకు. జీతం తర్వాత చూడు. రోజు అయ్యాక అది నీ చేతిలో, కంటిలో ఏం మిగులుస్తుందో చూడు. నీ దగ్గరకొచ్చిన డిజైనర్ ఉద్యోగం చూడ్డానికి నీ చదువుకు దగ్గరిది. బావగారు అందుకే సంతోషపడి ఉంటారు, ఆయన్ను తప్పుపట్టడానికి లేదు. కానీ అది వాడుకునేది సరిగ్గా నీ కంటినే. రోజుకు తొమ్మిది గంటలు స్క్రీన్ మీద బటన్ ఎడమకు జరపాలా, కుడికి జరపాలా అని చూసి, అమీర్‌పేటలో మెట్రో ఎక్కి రాయదుర్గం, అక్కణ్ణుంచి షటిల్, మళ్లీ అంతా వెనక్కి. రాత్రి ఎనిమిదిన్నరకు హాస్టల్లో పప్పు చల్లారిపోయాక నువ్వు నీడిల్ పట్టుకుంటావా? పట్టుకునేవాళ్లు ఉన్నారు, లేరని అనను. నేను పట్టుకోలేకపోయాను.

నువ్వు చులకనగా తీసిపారేసిన ఇంకో మాట ఉంది. "ఫ్రెండ్ వాళ్ల స్కూల్లో మియాపూర్‌లో ఆర్ట్ టీచర్ పోస్టు ఖాళీ ఉందట, 26 వేలేనట, దాంతో ఏమవుతుంది" అన్నావు. దాంతో చాలా అవుతుంది. ఇప్పుడు నీకొచ్చేదానికి రెట్టింపు అది. అమీర్‌పేట నుంచి మియాపూర్‌కు ఒకే లైను, మెట్రో మారే పని కూడా లేదు. మూడున్నరకు బెల్లు కొడతారు. నన్నడిగితే 42 వేలు వదిలేసి ఆ 26 వేలు పట్టుకో.

అయితే చేరే ముందు మొహమాటం లేకుండా అడగాల్సినవి అడుగు. ప్రైవేటు స్కూళ్లలో ఆర్ట్ టీచర్ అంటే చాలాచోట్ల థర్మకోల్ టీచర్ అని అర్థం. యాన్యువల్ డేకి స్టేజీ, ఇండిపెండెన్స్ డేకి బోర్డు, ఇన్‌స్పెక్షన్ వస్తే గోడలు, అడ్మిషన్ల సీజన్లో బ్రోచర్ కూడా. వారానికి ఎన్ని పీరియడ్లు, శనివారం ఉందా, వేసవి సెలవుల్లో జీతం ఇస్తారా (కొన్నిచోట్ల పది నెలలకే ఇస్తారు), సమ్మర్ క్యాంపు తప్పనిసరా, ఇవన్నీ కాగితం మీద రాయించుకో. నేను మొదటి ఏడాది అడగకుండా చేరి డిసెంబరంతా రెక్కలు కత్తిరించాను. దేవదూతలు 16 మంది, జత రెక్కలు చొప్పున.

"టీచర్‌గా చేరితే ఇక అంతేనేమో" అని కూడా రాశావు. మన పెద్ద ఆర్టిస్టులను చూడు. కాపు రాజయ్య గారు సిద్దిపేటలో డ్రాయింగ్ మాస్టారు. తోట వైకుంఠం గారు బాల భవన్‌లో పిల్లలకు బొమ్మలు నేర్పారు. నీ దారిలోనే నడిచిన లక్ష్మాగౌడ్ గారు, ఎచింగ్ అంటే దేశమంతా చెప్పుకునే మనిషి, దూరదర్శన్‌లో ఉద్యోగం చేశారు, తర్వాత సెంట్రల్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పారు. మద్రాసు వాళ్లదైతే ఇంకా ముచ్చటైన కథ. పెయింటర్ కె.సి.ఎస్. పణికర్ గారి వెంట ఉన్న కుర్ర ఆర్టిస్టులు బాటిక్ గుడ్డలు (మైనం అద్ది రంగులు వేసేవి), చేతి వస్తువులు చేసి అమ్ముకుని, ఆ డబ్బుతో ఊరి బయట ఇసుక నేల కొని 1966లో చోళమండలం అనే ఆర్టిస్టుల ఊరు కట్టుకున్నారు. పగలు కొంత బాటిక్, మిగతా టైంలో సొంత బొమ్మలు. తిండికి చేసే పని వేరు, తమ పని వేరు అని వాళ్లకు స్పష్టంగా తెలుసు. రెండూ ఒకే చేత్తో చేసినా ఆ గీత చెరగనివ్వలేదు. నా చార్మినార్‌లలో చెరిగిపోయింది ఆ గీతే.

ఇక అసలు సమస్య, ప్రెస్. నీ టీచర్లు ఎవరూ చివరి సెమిస్టర్లో ఈ మాట ఎందుకు చెప్పరో నాకు ఇప్పటికీ తెలియదు. పెయింటర్ బయటికొస్తే ఒక గది, నాలుగు ట్యూబులు చాలు. ప్రింట్‌మేకర్ బయటికొస్తే రోలర్లు, యాసిడ్ తొట్టి, గాలి పోయే కిటికీ, తడి కాగితం ఆరేసుకునే చోటు, అన్నీ కావాలి. అందుకే మన బ్యాచ్‌లలో సగం మంది మూడేళ్లలో పెయింటర్లయిపోతారు.

ఈ నెలలోనే మొదలుపెట్టగలిగేది ఒకటుంది. వుడ్‌కట్, చెక్కను చెక్కి తీసే అచ్చు. ఎంఎఫ్‌ఏలో చేసే ఉంటావు, ఎచింగ్ ముందు చిన్నచూపు చూసి ఉంటావు. ఎండీఎఫ్ (చెక్కపొట్టు అదిమి చేసే పలక) ముక్క ఒకటి ఏ ప్లైవుడ్ షాపులోనైనా మిగులు కింద దొరుకుతుంది. అడుగు పొడవు, అడుగు వెడల్పు చాలు. చెక్కి, రోలర్‌తో ఇంకు పట్టించి, మీద పల్చటి నేపాలీ కాగితం పరిచి, వెనక నుంచి స్టీలు గరిటె వీపుతో రుద్దు. మధ్యలో మొదలుపెట్టి అంచులకు, చిన్న చిన్న సున్నాలుగా. గరిటె వేడెక్కుతుంది, బొటనవేలి కింద నొప్పి పుడుతుంది. కాగితం వెనక వైపు నల్లగీతలు మసగ్గా తేలుతుంటే ఎక్కడ ఇంకా రుద్దాలో కంటికే తెలుస్తుంది. ఒక ప్రింటుకు ఇరవై నిమిషాలు పట్టొచ్చు. ప్రెస్ కింద రాని గరుకుదనం ఒకటి వస్తుంది దానికి. నేను ప్రెస్ చేయించుకున్నాక కూడా కొన్ని బ్లాకులు గరిటెతోనే తీస్తాను. హాస్టల్ గదిలో నైట్రిక్ యాసిడ్ మాత్రం పెట్టకు. మూత పెట్టి మంచం కింద దాచుకున్నా సరే, వద్దు.

ఎచింగ్ కోసం చెన్నైలో లలిత కళా అకాడమీ ప్రాంతీయ కేంద్రం ఉంది, అక్కడ గ్రాఫిక్ స్టూడియోలో (ప్రింట్‌మేకింగ్‌నే గ్రాఫిక్స్ అని కూడా అంటారు) పని చేసుకోవచ్చు. దసరా సెలవుల్లో పది రోజులు వెళ్లగలిగితే, ప్లేట్లు ఇక్కడే గీసి సిద్ధంగా పెట్టుకుని వెళ్తే, ఏడాది పని అక్కడ ప్రింటు తీసి తెచ్చుకోవచ్చు. సెలవులున్న ఉద్యోగం అన్నది అందుకే. ముందుగా రాసి, చోటు ఉందో లేదో, ఫీజు ఎంతో కనుక్కుని బయల్దేరు.

సొంత ప్రెస్ మాటకొస్తే, నాది 2009లో బాలానగర్‌లో ఒక లేత్ షెడ్డులో చేయించాను. ఆ మేస్త్రీకి ఎచింగ్ అంటే ఏమిటో తెలియదు. చెరుకు రసం మిషను చూపించి ఇలాంటిదే కానీ రసం రాకూడదన్నాను. రెండు రోలర్లు, మధ్యలో జారే ఇనప పలక, ఒత్తిడి బిగించడానికి రెండు వైపులా స్క్రూలు. మొదటిసారి రోలర్ వెంట్రుకవాసి వంకరగా వచ్చి ప్రింటు ఒక పక్క నలుపు, ఒక పక్క బూడిద రంగు వచ్చింది. మళ్లీ తీసుకెళ్తే, "సార్, మీది కాగితమే కదా, ఇంత తేడా ఏం కనపడుద్ది" అన్నాడు. ప్రింటు చూపించాక తనే సిగ్గుపడి పైసా తీసుకోకుండా సరిచేశాడు. 38 వేలయింది అప్పట్లో. జీతం వస్తుంటే అలాంటిది రెండు మూడేళ్లలో నువ్వూ చేయించుకోగలవు. ఇద్దరు ముగ్గురు క్లాస్‌మేట్స్ కలిసి కొనుక్కుంటే ఇంకా ముందే.

షో లెక్క నువ్వు రాసిందే మళ్లీ చూడు. మూడు ఫ్రేములకు 2,700, హాలు అద్దెలో నీ వాటా 2,500. మొత్తం 5,200 పెట్టి 4,000 తెచ్చుకున్నావు. అంటే నువ్వు బొమ్మ అమ్మలేదు, 1,200 కట్టి చూపించుకున్నావు. తప్పేం లేదు, అందరం కడతాం. కానీ మన మాధ్యమంలో ఒక సుఖం ఉంది, ఒక ప్లేటుకు పది కాపీలైనా తీసుకోవచ్చు. షోకి ఒకటి ఫ్రేము కట్టు. మిగతావి ఫ్రేము లేకుండా, వెనక అట్ట పెట్టి బటర్ పేపర్ చుట్టి, వారాంతపు ఆర్ట్ బజార్లలో తక్కువ ధరకు పెట్టు. అద్దె ఇళ్లలో ఉండే కుర్రాళ్లు 4 వేలు పెట్టరు, పన్నెండొందలు పెడతారు. ఎడిషన్ నంబరు, అంటే మొత్తం ఎన్ని కాపీలు తీశావన్నది, మాత్రం నిజాయితీగా రాయి. పది అని రాసి పదకొండోది తీయకు. గ్యాలరీ వాళ్లకు ఇచ్చినప్పుడు ఎన్ని ఇచ్చావో, కమిషన్ ఎంతో, అమ్ముడుపోనివి ఎప్పుడు తిరిగిస్తారో రాయించి సంతకం తీసుకో. నా ప్రింట్లు ఆరు ఒక గ్యాలరీతో పాటే మూతపడిపోయాయి, కాగితం లేదు కాబట్టి అడిగే ముఖం కూడా లేకపోయింది.

ఇంకో రెండు దారులు చెప్తాను, నీకు వయసు కలిసొస్తుంది కాబట్టి. ఒకటి యూజీసీ నెట్ పరీక్ష, విజువల్ ఆర్ట్స్ సబ్జెక్టు. అందులో మన గ్రాఫిక్స్ కూడా ఉంటుంది. జూన్, డిసెంబర్, ఏడాదికి రెండుసార్లు. పాసైతే అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టులకు అర్హత. అందులోనే జేఆర్‌ఎఫ్ (పరిశోధనకు ఇచ్చే ఫెలోషిప్) వచ్చి పీహెచ్‌డీలో చేరితే నెలకు 37 వేలు, పైగా మళ్లీ క్యాంపస్. జేఆర్‌ఎఫ్‌కు వయసు 30 లోపు ఉండాలి, ఆడపిల్లలకు ఐదేళ్ల సడలింపు ఉంది. నువ్వు మంచి స్టూడెంట్‌వని నీ రాతలోనే తెలుస్తోంది, ఇది ఎందుకు రాయలేదో నాకు అర్థం కాలేదు. రెండోది కేంద్ర సంస్కృతి శాఖ జూనియర్ ఫెలోషిప్. 25 నుంచి 40 ఏళ్ల వాళ్లకు, నెలకు 10 వేల చొప్పున రెండేళ్లు. డబ్బు నెలనెలా జీతంలా పడదు, విడతలుగా వస్తుంది. అందుకని అద్దెకు దాన్ని నమ్ముకోకు. కాగితం, ఇంకు, చెన్నై ఖర్చులకు లెక్కేసుకో.

పెళ్లి సంగతి నేను మాట్లాడకూడదేమో, అయినా ఆడపిల్ల తండ్రిని. సంబంధం వాళ్లు వచ్చినప్పుడు "పెళ్లయ్యాక బొమ్మలు వేసుకోనిస్తారా" అని అడగకు. ఏ అబ్బాయైనా "అయ్యో, తప్పకుండా" అంటాడు, అతని మనసులో అది ముగ్గులాంటిది. "ఆదివారం పొద్దున ఆరు నుంచి పన్నెండు దాకా నేను పనిలో ఉంటాను, టిఫిన్ మీరే చూసుకోవాలి, ఇంట్లో ఒక బల్ల నాది, దాని మీద ఇంకు మరకలుంటాయి" అని చెప్పు. అతని మొహం చూడు. మీ అమ్మకు కూడా టీచరుద్యోగం అని చెప్పుకోవడానికి బాగుంటుంది, ఆవిడ టెన్షన్ సగం తగ్గుతుంది. ఆవిడను గెలవాల్సిన పనిలేదు, కొంచెం ఊపిరి పీల్చుకోనిస్తే చాలు.

ఒకవేళ మియాపూర్ పోస్టు నిండిపోయి ఉంటే? ఇంకో రెండు నెలలు స్కూళ్లు వెతుకు. దొరక్కపోతే బావగారు చెప్పిన ఉద్యోగంలోనే చేరు. ఏడాదిన్నర అని క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకుని, ప్రెస్ డబ్బులు, ఆరు నెలల ఖర్చు వెనకేసుకుని బయటికి రా. చేరిన రోజు నుంచే ఆదివారం గరిటె పట్టుకో. నెలకు ఒక బ్లాకు, బాగున్నా లేకపోయినా. కానీ ఇంకో రెండేళ్లు ఇలాగే ఫేస్ పెయింటింగ్ చేస్తూ ఓపిక పట్టడానికి మాత్రం నేను ఒప్పుకోను. ఓపిక పడుతూ పని చేస్తుంటే సరే, నువ్వు ఉత్తినే ఎదురుచూస్తున్నావు.

అన్నట్టు, క్యాంపస్‌లో గీసిన జింకు ప్లేట్లు పదకొండు మంచం కింద అట్టపెట్టెలో ఉన్నాయన్నావు. ఈ వానలకు ఊరుకోవద్దు, ఈ రాత్రే బయటికి తియ్యి. తెల్లగా పొడి పట్టి ఉంటే మెత్తటి గుడ్డతో మెల్లగా తుడువు, గీకకు. పాత ఇంకు గీతల్లో మిగిలి ఉంటే కిరసనాయిలు కొంచెం గుడ్డకద్ది తీసెయ్యి, కిటికీ తెరిచి. బాగా ఆరాక రెండు వైపులా పల్చగా వాజిలైన్ రాసి, ఒక్కోదాన్ని విడిగా బ్రౌన్ పేపర్లో చుట్టు. న్యూస్‌పేపర్ వద్దు, తేమ పీలుస్తుంది. పడుకోబెట్టకుండా పుస్తకాల్లా నిలబెట్టి, గోడకు ఆనకుండా పెట్టు. ఎన్ని బాగున్నాయో చూసి రాయి.